షాంఘై వీధులలో ఎఱ్ఱ తలపాగా

ఉద్యోగధర్మమును బట్టి సొంతయూరు విడిచి, పరభాష వినిపించు నగరములలో కాపురము పెట్టినవారమే మనలో పెక్కుమందిమి. బదిలీ ఉత్తరువు చేతికందిన నాడు మన యిండ్లలో పుట్టు ప్రశ్నలు అందఱికిని తెలిసినవే. అక్కడ జీతమెంత? ఇల్లు దొరకునా? మన బియ్యము, మన పప్పు దొరకునా? ఏటికి సెలవెంత? ఈ ప్రశ్నలనే మనకు పూర్వము మన దేశస్థులు ఏయే రేవులలో దిగి వేసికొనిరో యని తలచునపుడు మనకు రంగూను తోచును, మలయా తోచును, మారిషసు తోచును, చైనా తోచదు. చైనా యనగానే మన మనస్సు ఫాహియాను, హ్యూన్‌సాంగుల కాలమునకు పరుగెత్తును. హ్యూన్‌సాంగ్ మన ధాన్యకటకమునకు వచ్చి వెళ్లినాడని చెప్పుకొని మురియుదుము. అది న్యాయమే.

కాని నూఱేండ్ల క్రిందట షాంఘై నగరములోని సామాన్య చైనీయుని కన్నులకు భారతీయుడనగా పండితుడు కాడు, భిక్షువు కాడు. ఎఱ్ఱ తలపాగా చుట్టి, చేత లాఠీ పట్టి, నాలుగు వీధుల కూడలిలో నిలిచిన గడ్డపు మనిషి. పంజాబులోని ఏదో పల్లెనుండి నెలజీతమునకై వచ్చిన ఉద్యోగి. వారి కథను చదువునపుడెల్ల నేనొక గుమాస్తాను గనుక, యుద్ధముల కంటె ముందుగా వారి జీతమును, వసతిని, పింఛనును వెదకికొనుట నాకు అలవాటైనది. ఈ కథ గర్వింపదగినదని నేననను. అట్లని మరచిపోదగినదియు కాదు.

షాంఘై మొదటినుండియు మహానగరము కాదు. యాంగ్‌ట్సీ నది సముద్రమున కలియు తావునకు చేరువలో, వాంగ్‌పూ అను ఉపనది గట్టున, చుట్టును ప్రాకారము గల యొక వర్తకపు పట్టణము. ప్రత్తికిని నూలుబట్టకును పేరు. ఆ పట్టణపు తలుపులు పాశ్చాత్యులకు తెఱచుకొనుటకు మూలము మన దేశమున పండిన సరకే యని మనము మరువరాదు. పాట్నా, కాశీ ప్రాంతముల రైతులచేత కంపెనీవారు గసగసాల పైరు వేయించి, నల్లమందును పెట్టెలలో కట్టించి, కలకత్తాలో వేలము వేయించెడివారు. మాళవదేశపు నల్లమందు బొంబాయి రేవునుండి పోయెడిది. 1839లో చైనా చక్రవర్తి పంపిన అధికారి లిన్ జెషూ కాంటన్ దగ్గఱ 20,000 పెట్టెలకు పైగా నల్లమందును పట్టి నాశనము చేయించెను. దానిపై ఇంగ్లీషువారు యుద్ధమునకు దిగిరి.

ఆ యుద్ధమునకు వెళ్లిన సేనలో మన మద్రాసు పటాలములును ఉండెను. మద్రాసు సేనలో తెలుగువారు, తమిళులు, మహమ్మదీయులు కలసి పనిచేసెడివారు. ఉత్తర సర్కారుల నుండి కంపెనీవారు తరతరములుగా సిపాయిలను చేర్చుకొనుచు వచ్చిరి. ఉత్తరహిందూస్థానమున సిపాయికి 'తిలంగా' యన్న పేరే స్థిరపడినదన్నచో మనవారికి ఆ వృత్తితో ఎంతటి సంబంధమో తెలియును. 1841 మే 30వ తేదీన కాంటన్ నగరము వెలుపల, సాన్‌యువాన్‌లీ అను పల్లె ప్రాంతమున, 37వ మద్రాసు పటాలమునకు చెందిన ఒక చిన్న జట్టు గాలివానలో దారితప్పి, వరిపొలముల నడుమ వేలకొలది గ్రామస్థుల చేతికి చిక్కినది. తుపాకుల మందు తడిసి పేలదయ్యెను. ఈటెలతోను, కొడవళ్లతోను మీదపడినవారిని బాయినెట్లతో అదలించుచు, ఆ వానలో గంటలకొలది నిలిచిరి. ఒకడు మరణించెను, పలువురు గాయపడిరి. రాత్రికి సహాయము వచ్చి తక్కినవారిని విడిపించినది. నేడు చైనాలో సాన్‌యువాన్‌లీ యన్న పేరు విదేశీయులను ఎదిరించిన రైతుల వీరగాథగా పూజలందుకొనుచున్నది. ఆ వీరగాథలో ఎదుటిపక్షమున తడిసి నిలుచున్నవారు మద్రాసువారు. మే 30వ తేదీని చదువరులు గుర్తుంచుకొందురు గాక. మరల దానితో పని పడును.

1842 జూన్ 19న ఇంగ్లీషు సేన షాంఘైలో ప్రవేశించెను. ఆగస్టు 29న నాంకింగ్ సంధి జరిగెను. దాని ప్రకారము తెఱచిన అయిదు రేవులలో షాంఘై యొకటి. 1843 నవంబరు 17న అది విదేశీ వర్తకమునకు తెఱవబడెను. ప్రాకారమునకు ఉత్తరముగా నదిగట్టున బురదనేలలు ఇంగ్లీషువారికి చిక్కినవి. 1849లో ఫ్రెంచివారు తమకొక ప్రత్యేక భాగమును తీసికొనిరి. 1863లో ఇంగ్లీషు, అమెరికా భాగములు కలసి అంతర్జాతీయ సెటిల్మెంటు ఏర్పడెను. దానిని పాలించినది ఏ రాజును కాదు, ఏ గవర్నరును కాదు. పన్ను కట్టు విదేశీ వర్తకులు ఎన్నుకొన్న ఒక మునిసిపల్ కౌన్సిలు. దానికి సొంత పోలీసు, సొంత జైలు, సొంత వాలంటీరు సైన్యము. కౌన్సిలు ఏర్పడినది 1854లో. చైనీయులు దానిలో సభ్యులైనది 1928లో. నగరమున నూటికి తొంబదిమందికి పైగా చైనీయులే. పన్నులో పెద్దభాగము కట్టినదియు వారే!

ఇచ్చట విదేశీయుని స్థితి ఎట్టిదో కొంచెము వివరింపవలెను. నేడు మనము పరదేశమునకు పోవలెనన్నచో పాసుపోర్టు, వీసా, అక్కడి చట్టము, అక్కడి పోలీసు. ఆనాటి షాంఘైలో అది తలక్రిందు. సంధి చేసికొన్న దేశముల ప్రజలు చైనా గడ్డమీద నిలిచియు చైనా చట్టమునకు లోబడరు. ఇంగ్లీషువాడు నేరము చేసినచో విచారించునది ఇంగ్లీషు న్యాయస్థానము; 1865 నుండి ఆ ఉన్నత న్యాయస్థానము షాంఘైలోనే ఉండెను. భారతీయుడు బ్రిటిషు ప్రజ గనుక అతడును దాని క్రిందివాడే. కాగితముపై ఇది గొప్ప హక్కు. అయితే తెల్లవారి క్లబ్బులోనికి ఆ కాగితము తీసికొని పోలేడు. చైనీయుని ఎదుట ఏలువాడు, ఇంగ్లీషువాని ఎదుట ఏలబడువాడు. ఈ నడిమెట్టు మీదనే మనవారి అరువదేండ్ల షాంఘై జీవితము గడచినది.

సిక్కులను పోలీసులో చేర్చుకొనుట షాంఘైలో 1884-85లో మొదలైనది. హాంగ్‌కాంగులో అంతకు మునుపే ఆ ప్రయోగము జరిగియుండెను. కౌన్సిలువారి లెక్క మనకు, ముఖ్యముగా లెక్కల శాఖలో పనిచేయువారికి, సులభముగా అర్థమగును. ఇంగ్లండునుండి కానిస్టేబులును తెచ్చినచో జీతము మిక్కుటము. చైనీయుని పెట్టినచో చవుక, కాని అల్లరి జరిగిననాడు వాడు ఎవరి పక్షమున నిలుచునో యన్న శంక. పంజాబు జాటు సిక్కు ఈ రెంటికిని నడుమ. ఇంగ్లీషువాని కంటె చాల తక్కువ జీతము, చైనీయుని కంటె కొంత యెక్కువ, ఆరడుగుల యెత్తు, ఊరిలో చుట్టము లేడు, భాష రాదు, కాబట్టి జనముతో కలియడు. భాష రాకపోవుటయు, స్నేహితులు లేకపోవుటయు ఒక ఉద్యోగమునకు అర్హతలుగా లెక్కింపబడిన సందర్భము మఱియొకటి నాకు తెలియదు.

1890 జనాభా లెక్కలో సెటిల్మెంటునందలి భారతీయులు నూఱుకు లోపు. 1935 నాటికి రెండువేలు దాటిరి. వారిలో పోలీసులు ఆఱువందల పైచిలుకు. జైలు వార్డర్లు మఱికొందఱు. 1903లో తెఱచిన వార్డు రోడ్డు జైలులో కాపలాదారులు అధికసంఖ్యాకులు సిక్కులే. మిగిలినవారు బ్యాంకుల వాకిళ్లలో, గోదాముల వద్ద, మిల్లుల వద్ద కావలివారు. కొందఱు ఆవులను కొని పాలవ్యాపారము చేసిరి. చైనీయులకు పాలు త్రాగు అలవాటు తక్కువ. విదేశీయుల యిండ్లకు పాలు కావలెను. పంజాబీకి ఆవును మేపుట ఎవరును నేర్పనక్కఱలేదు గదా! పారసీ వర్తకులు, సింధీ పట్టుబట్టల వ్యాపారులు వేఱు. వారు కారులలో తిరిగినవారు.

కావలివాని మాట వచ్చినది గనుక ఒక విశేషము. బాగ్దాదులో పుట్టి, బొంబాయిలో పెరిగిన సైలాస్ హర్దూన్ అను యూదుడు 1870 ప్రాంతముల షాంఘైకి చేరి, ససూన్ కంపెనీలో గోదాము కావలివాడుగా పని మొదలుపెట్టెనని చెప్పుదురు. స్థలములు కొనుచు, అద్దెలు పెంచుచు, 1931లో మరణించునాటికి నాంకింగ్ రోడ్డులో మహాభాగమునకు యజమాని యయ్యెను. ఆ వీధికి తన ఖర్చుతో కొయ్యదిమ్మెలు పఱపించిన ఘనత అతనిదే. అదే కావలి పనికి వచ్చిన పంజాబీలు ఆ కొయ్యదిమ్మెలపై నిలిచి ముప్పదియేండ్లు బండ్లను మళ్లించిరి.

ఆ ముప్పదియేండ్లలో అట్లు నిలిచినవాడు కన్నవేమి? ఇది నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయము. 1885లో ఓడ దిగిన సిక్కునకు కనబడిన షాంఘైలో అప్పటికే ఇరువదియేండ్లుగా గ్యాసు దీపములు వెలుగుచుండెను. విద్యుద్దీపము 1882లోను, కుళాయి నీరు 1883లోను వచ్చినవి. అతడు విడిచివచ్చిన పల్లెలో ఆముదపు దీపము, మోటబావి. వీధినిండ మనుషులు లాగు రిక్షాలు. అవియు జపానునుండి వచ్చి అప్పటికి పదునొకండేండ్లే. అతనికి కొంచెము వయసు మళ్లిన పిమ్మట, 1901లో, మోటారుకారు దిగినది. 1908లో ట్రాము వచ్చినది. మొదట జనము విద్యుచ్ఛక్తికి భయపడిరి. కొలదినాళ్లకు ట్రాము మెట్లపై వ్రేలాడసాగిరి. 1911 విప్లవముతో చక్రవర్తి పోయెను. నిన్నటి వఱకు ప్రతి చైనీయుని వీపున వ్రేలాడిన జడ ఒక్క శీతకాలములో కత్తెరకు గుఱియయ్యెను. 1912-14 నడుమ పాత పట్టణపు ప్రాకారము పడగొట్టి ఆ స్థలమున రోడ్డు వేసిరి. నాంకింగ్ రోడ్డులో 1917లో ఒక పెద్ద అంగడి, 1918లో దాని కెదురుగా మఱియొక పెద్ద అంగడి. ఆ చైనా వర్తకులు కట్టిన మేడలలో బట్టలు మొదలు వంటసామాను వఱకు ఒకేచోట దొరకును, మిద్దెపైన నాటకములు. 1934లో ఇరువదిరెండంతస్తుల హోటలు లేచినది. 1852లో అయిదున్నర లక్షలకు లోపైన జనాభా 1930 నాటికి ముప్పది లక్షలు దాటినది. ఒక్క మనిషి ఉద్యోగకాలములోనే ఊరు గుర్తుపట్టరానంతగా మారిపోవుట మనము ఇటీవల హైదరాబాదులోను, ఢిల్లీలోను చూచుచున్నదే. అయినను మన కనులముందు పెరిగిన ఊరు మనదని యనుకొనుటకు మనకొక హక్కు కలదు. షాంఘై సిక్కునకు ఆ హక్కు లేదు.

అతని నిత్యజీవితము బారకాసులలో జరిగెడిది. అయిదేండ్ల ఒడంబడిక, ఆ పిమ్మట సెలవుపై ఇంటికి పోయి, మరల వచ్చి మఱియొక ఒడంబడిక. వేసవిలో కాకీబట్ట; శీతకాలమున దళసరి కోటు; అన్ని ఋతువులందును తలపాగా. జూన్ మాసమున అక్కడ రేగుపండ్ల వాన యని పిలుచు ముసురు పట్టును. రోజుల తరబడి ఆరని బట్టలు. ఆటా రొట్టె, పప్పు, నెయ్యి, పాలు. వరియన్నము తిను దేశములో గోధుమపిండి కొఱకు వెదకువాని అవస్థ, గోధుమదేశములో బియ్యము కొఱకు వెదకు మనవారికి తెలియనిది కాదు. మొదటి దినములలో కుటుంబములు రాలేదు. క్రమముగా కొందఱు భార్యలను తెచ్చుకొనిరి, కొందఱు చైనా స్త్రీలను పెండ్లాడిరి. వీధిలో పలుకుటకు సగము ఆంగ్లము, సగము చైనా కలిసిన వర్తకపు పిడ్జిన్ భాష, దానికి తోడు చేయిసైగ. జీతములో మిగిలినది మనియార్డరై పంజాబునకు పోయెడిది. అక్కడ రెండెకరములు కొనుటకు, చెల్లెలి పెండ్లికి, తాకట్టు విడిపించుటకు.

అయితే మిగిలినదంతయు మనియార్డరు కాలేదు. ఈ విషయమును దాచుట చరిత్ర కాదు. చాలమంది సిక్కు కానిస్టేబుళ్లును, కావలివారును వడ్డీవ్యాపారము చేసిరి. రిక్షావాడు, చిన్న దుకాణదారుడు వారికి బాకీపడెడివారు. కౌన్సిలు దానిని నిషేధించెను, శిక్షలు విధించెను. అయినను వ్యాపారము ఆగలేదు. పగలు లాఠీతో మళ్లించినవాడే సాయంకాలము వడ్డీకై వాకిట నిలిచినచో ఆ రిక్షావాడు అతనిని గూర్చి ఏమని తలచును? తమలో తాము సైతము వారు ఒక్కటిగా లేరు. మాఝావారు, మాళ్వావారు అని రెండు పక్షములు. ప్రమోషనులు ఎవరికి వచ్చెనన్న తగవులు. కచేరీలలో పనిచేయు మనము ఆ మాట విని నవ్వుటకు వీలులేదు.

వారిని కలిపి నిలిపినది గురుద్వారము. 1908లో నగరపు ఉత్తరభాగమున, తుంగ్‌పావ్‌షింగ్ రోడ్డులో కట్టిన గురుద్వారము షాంఘై సిక్కులకు గుడి, సత్రము, సభామందిరము అన్నియును. ఓడ దిగిన క్రొత్తవాడు అక్కడ తినెడివాడు, పనిపోయినవాడు అక్కడ పరుండెడివాడు. 1914 ఏప్రిలులో కెనడాకు పోవు కోమగాటమారు ఓడ షాంఘైలో ఆగినపుడు మఱికొందఱు పంజాబీలు ఎక్కిరి. అమెరికానుండి గదర్ పత్రికలు దొంగచాటుగా చేరినదియు ఇట్టి చోట్లకే. 1924 ఏప్రిలులో రవీంద్రనాథ ఠాకూరు చైనాకు వచ్చినపుడు షాంఘై సిక్కులు గురుద్వారమున ఆయనకు స్వాగతమిచ్చిరి. ఆయన ఆ ఆదరమునకు కరగిపోయి యుండును. కాని ఆయనయే మఱియొక సందర్భమున, హాంగ్‌కాంగు రేవులో ఒక పంజాబీ పోలీసు చైనీయుని జడపట్టి తన్నుట కన్నులార చూచి సిగ్గుపడితినని వ్రాసెను. తనను బానిసగా నుంచినవాని కొఱకు మఱియొకని బానిసను చేయుటకు చేయిచాచుట ఆయనకు దుర్భరముగా తోచెను.

ఈ సిగ్గు ఠాకూరునకే మొదట కలిగినది కాదు. 1900లో బాక్సర్ తిరుగుబాటు అణచుటకు ఎనిమిది రాజ్యముల సేనలతో పాటు పెకింగునకు వెళ్లిన 7వ రాజపుత్ర పటాలములో ఠాకుర్ గదాధర్ సింగ్ అను సైనికుడుండెను. ఆయన హిందీలో వ్రాసి 1902లో ప్రకటించిన 'చీన్ మే తేరహ్ మాస్' అను గ్రంథమున కాలిన పల్లెలను, చచ్చిన రైతులను చూచి తన మనస్సు కరగిన తీరు వర్ణించెను. వారు మనవంటి ఆసియావారే గదా యని ఆయన వాదన. జీతము తినువాని నోట అట్టి మాట వెలువడుట సామాన్యము కాదు.

షాంఘైవారు సిక్కునకు పెట్టిన పేరు 'హోంగ్ తోవ్ ఆసాన్'. ఎఱ్ఱతల ఆసాన్ అని యర్థము. ఆసాన్ అనగా మూడవవాడని కొందఱు, ఇంగ్లీషువాని పిలుపును అనుకరించిన మాట యని కొందఱు. పుట్టుక యేదైనను అది గౌరవపదము కాదు. తల్లులు ఏడ్చు పిల్లలను బెదరించుటకు వాడినారట! నదిగట్టున 1868లో ఏర్పఱచిన తోటలోనికి, తెల్లవారి సేవకులుగా తప్ప చైనీయులకు 1928 వఱకు ప్రవేశము లేకుండెను. నిబంధన చేసినది కౌన్సిలు. తోటవాకిట నిలిచి వెనుకకు పంపినది ఎఱ్ఱ తలపాగా. ఉత్తరువు వ్రాసినవాని ముఖము జనమునకు కనబడదు. అమలుపఱచువాని ముఖమే కనబడును.

1925లో ఆ మాట రక్తముతో వ్రాయబడినది. మే 15న ఒక జపాను నూలుమిల్లులో గూ జెంగ్‌హోంగ్ అను కార్మికుడు మిల్లువారి కాల్పులలో గాయపడి మరణించెను. మే 30న, శనివారము, విద్యార్థులు నాంకింగ్ రోడ్డులో ఉపన్యాసములిచ్చుచు, కరపత్రములు పంచుచు ఊరేగిరి. పోలీసులు కొందఱిని లౌజా స్టేషనులో నిర్బంధించిరి. మధ్యాహ్నమునకు జనము స్టేషను వాకిటికి చేరెను. లోపలికి చొరబడుదురని ఇన్స్పెక్టరు ఎవర్సన్ భయపడెను. హెచ్చరించినానని ఆయన చెప్పినాడు. ఆ గందరగోళములో అది వినబడినవారు అరుదు. ఆయన కాల్పుల కుత్తరువిచ్చెను. సిక్కు కానిస్టేబుళ్లును, చైనా కానిస్టేబుళ్లును నలుబదికి పైగా తూటాలు కాల్చిరి. అక్కడికక్కడ నలుగురు కూలిరి. ఆ తరువాత గాయములతో మఱికొందఱు చనిపోయిరి. సాన్‌యువాన్‌లీలో మద్రాసు సిపాయిలు వానలో తడిసి నిలిచిన దినమునకు సరిగా ఎనుబదినాలుగేండ్లు. ఆనాడు మందు తడిసి తుపాకి పేలలేదు. ఈనాడు ఎండ కాయుచుండెను.

షాంఘై మూతపడెను. అంగళ్లు, మిల్లులు, బళ్లు, రేవు, అన్నియు. లక్షలాది కార్మికులు సమ్మె చేసిరి. కాంటన్, హాంగ్‌కాంగులలో చెలరేగిన సమ్మె 1926 అక్టోబరు వఱకు సాగెను. డిసెంబరులో పోలీసు కమిషనరును, ఎవర్సనును రాజీనామా చేసిరి. మృతుల కుటుంబములకు కౌన్సిలు 75,000 డాలర్లు ఇవ్వజూపగా చైనావారు త్రోసిపుచ్చిరి. తుపాకి పట్టిన సిక్కు ఏమి తలచెనో వ్రాసి యుంచినవారు లేరు. ఎదుట చచ్చిన పిల్లవాడు అతని కొడుకు వయసువాడు కావచ్చును. ఆఱేండ్ల క్రిందట, 1919లో, అతని సొంత రాష్ట్రమున, అమృతసరస్సులో, నిరాయుధులపై కాల్పులు జరిగినవి. అక్కడ కాల్చినవారిలోను భారతీయ సైనికులే ఉండిరి. ఈ రెండు సంగతులను ఆ కానిస్టేబులు ఒకటిగా తలచెనా? తలచినవారు కొందఱు కలరని ఆ తరువాతి కథ చెప్పుచున్నది.

గదర్ పక్షమువారు చైనా విప్లవకారులతో చేయి కలిపి, షాంఘై పోలీసులలోను కావలివారిలోను ప్రచారము ముమ్మరము చేసిరి. చైనావారిపై తుపాకి ఎత్తకుడని వారి బోధ. వారికి ప్రబలశత్రువు సిక్కు శాఖలోని జమాదారు బుద్ధసింగు. ఇంగ్లీషువారికి కుడిచేయి వంటివాడు. గదర్ వారి ఆచూకి తీసి అప్పగించినవాడు. 1927 ఏప్రిలు 6న సెంట్రల్ పోలీసు స్టేషను వాకిట హర్బంత్ సింగ్ అను మఱియొక సిక్కు అతనిని కాల్చిచంపెను. హర్బంత్ సింగునకు ఉరిశిక్ష పడెను. ఇరువురును పంజాబునుండి ఒకేవిధముగా ఓడ యెక్కి వచ్చినవారే. ఒకడు జీతపు ఋణము తీర్చుకొంటి ననుకొనెను, ఒకడు దేశపు ఋణము.

అదే సంవత్సరము చైనా జాతీయసేనలు షాంఘైని సమీపించుచుండగా, సెటిల్మెంటును కాపాడుటకు భారతసేనలను సైతము పంపిరి. దీనిపై మన దేశమున గట్టి నిరసన లేచినది. ఫిబ్రవరిలో బ్రస్సెల్సులో జరిగిన సామ్రాజ్యవ్యతిరేక మహాసభలో జవహర్‌లాల్ నెహ్రూ చైనా ప్రతినిధులతో కలసి సంయుక్త ప్రకటన చేసెను. డిసెంబరులో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ చైనానుండి భారతసేనలను వెనుకకు పిలువవలెనని తీర్మానించెను. 1841లో మద్రాసు పటాలము పోయినది. 1927లో మద్రాసు నగరమే పోవలదనినది. తీర్మానము వినిన ప్రేక్షకులలో తెలుగువారు విశేషముగా ఉండిరని వేఱుగ చెప్పనక్కఱలేదు.

తక్కిన కథ త్వరగా ముగిసినది. 1941 డిసెంబరు 8న జపానువారు సెటిల్మెంటును ఆక్రమించిరి. ఇంగ్లీషు అధికారులు క్రమముగా నిర్బంధ శిబిరములకు పోయిరి. సిక్కు కానిస్టేబుళ్లు అదే కూడలిలో క్రొత్త యజమాని క్రింద నిలిచిరి. 1943 నవంబరులో సుభాష్ చంద్రబోసు షాంఘైకి వచ్చి అక్కడి భారతీయులతో మాటలాడెను. అంతకు ముందే, ఆ సంవత్సరము జనవరి 11న, చుంగ్‌కింగులో బ్రిటను చైనాతో సంధి చేసికొని, నూఱేండ్ల ప్రత్యేకాధికారములను వదలుకొనెను. దానిపై భారత ప్రభుత్వము పక్షమున సంతకము చేసినవాడును ఒక ఇంగ్లీషు అధికారియే. సెటిల్మెంటు ఆస్తులతో పాటు దాని బాధ్యతలును చైనా ప్రభుత్వమునకు సంక్రమించునని ఆ సంధిలో వ్రాసికొనిరి. బాధ్యతలనగా అందులో ఉద్యోగుల పింఛనులును కలవు. ఆ తరువాత అంతర్యుద్ధము. ద్రవ్యోల్బణమున చైనా నోట్లు చిత్తుకాగితములైనవి. 1949 మే 27న షాంఘై కమ్యూనిస్టు సేనల వశమయ్యెను. చెల్లించవలసిన కౌన్సిలు లేదు. చెల్లించెదమన్న ప్రభుత్వము తైవానునకు పోయెను. ఇంగ్లీషు ఉద్యోగుల సంఘములు సైతము లండనులో ఏండ్ల తరబడి అర్జీలు పెట్టుకొనవలసివచ్చినది. ఇఱువదియేండ్లు ఎండలోను, మంచులోను నిలిచి, ఇంగ్లీషున అర్జీ వ్రాయుట రాని జలంధరు జిల్లా రైతుబిడ్డ మాట వేఱుగ చెప్పవలెనా? పింఛను కాగితములతో కచేరీ మెట్లెక్కి దిగిన అనుభవము గలవారికి ఈ వాక్యము చాలును.

ఒక్కొక్కరుగా వారు ఓడలెక్కిరి. కొందఱు హాంగ్‌కాంగులో నిలిచిరి, కొందఱు పంజాబునకు చేరిరి. చేరిన ఊరు విభజనానంతరపు ఊరు. కొందఱి గ్రామములు పాకిస్తానులోనికి పోయియుండెను. 1962 యుద్ధముతో షాంఘైలోని భారత కాన్సులేటు మూతపడెను. మరల తెఱచినది 1992లో. ఆ నడుమ ముప్పదియేండ్లు షాంఘై కూడ ఒకవిధముగా నిద్రించినది. 1990లో నది తూర్పుగట్టున పూడాంగ్ నిర్మాణము మొదలైన తరువాత మరల పరుగు పట్టినది. 2020 జనాభా లెక్కలో రెండుకోట్ల నలుబదియెనిమిది లక్షలు. ఇప్పుడు అక్కడికి పోవు భారతీయుడు, వారిలో మన తెలుగువారును కలరు, ఇంజనీరు, వర్తకుడు, విద్యార్థి, యోగ నేర్పువాడు. వీసా తీసికొని పోవును, చైనా చట్టమునకు లోబడి ఉండును, వీధిలోనివారు కుతూహలముతో చూతురే గాని భయముతో చూడరు. అయితే ఆసాన్ అన్న మాట మాత్రము పోలేదు. నేటికిని చైనావారు భారతీయుని ఎగతాళి చేయదలచినపుడు ఆ మాటయే నోటికి వచ్చును. అనువారిలో పెక్కుమందికి దాని వెనుకనున్న తలపాగా తెలియదు. పడువారిలో పెక్కుమందికి అసలే తెలియదు.

తుంగ్‌పావ్‌షింగ్ రోడ్డులోని గురుద్వారమున ప్రార్థనలు ఆగి చాలకాలమైనది. ఆ కట్టడములో తరువాతి కాలమున చైనా కుటుంబములు కాపురముండిరి. నాంకింగ్ రోడ్డు తూర్పుభాగమును 1999లో కాలినడకవారికే ప్రత్యేకించిరి. సిక్కు కానిస్టేబులు తెల్లని చేతిగుడ్డలతో రిక్షాలను, ట్రాములను, మోటార్లను ఆపి పంపిన ఆ వీధిలో నేడు ఆపవలసిన బండి లేదు.